అత్త ఫ్రీజరుకి నేను పోసిన మందు

ఆ రోజుల్లో ఏది గట్టిగా ఉంటే అదే మంచిదని నా నమ్మకం. తాడైనా, తలుపైనా, మాటైనా. అందుకే తెలియని విషయం వచ్చినప్పుడల్లా నేను ఇంకాస్త గట్టిగా మాట్లాడేవాణ్ణి. (ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఈ నాలుగు ముక్కలు నాలుగుసార్లు కొట్టేసి రాశాను గానీ, కరెంటు సంగతి మాత్రం ఇప్పుడు ధీమాగా చెప్పగలను.)

మాది సముద్రం ఒడ్డు. మా అయ్య వేటకి వెళ్తాడు. నేను పడవెక్కితే ఒడ్డు అలలు దాటకముందే తిన్నదంతా సముద్రానికి ఇచ్చేసేవాణ్ణి. అందుకని నెల్లిమర్లలో ఒక మేస్త్రీ దగ్గర రెండేళ్ళు వైరింగు నేర్చుకుని ఇంటికొచ్చాను. అయ్యకి ఆ పని మీద నమ్మకం లేదు. ఒకటే షరతు పెట్టాడు.

"ఒక్క పని సేసి సూపించు. సేసిన పని సెడిపోయిందని మళ్ళీ పిలవకూడదు. పిలిస్తే మాత్రం పడవెక్కాలి."

ఆ ఒక్క పని మా మేనత్త ఇచ్చింది. ఆవిడ చేపల వ్యాపారం చేస్తుంది. పెరట్లో రేకుల షెడ్డు, అందులో చేపలు పెట్టే ఫ్రీజరు. ఇంటినుంచి షెడ్డుకి కంచె వెంట వెళ్ళే వైరుకి మధ్యలో ఒక అతుకు ఉంది, నేలకి జానెడు ఎత్తున ఒక ప్లాస్టిక్ డబ్బాలో. వాన పడితే డబ్బాలోకి నీళ్ళు, వెంటనే కరెంటు ఆపేసే ట్రిప్పర్ పడిపోవడం, ఫ్రీజరు ఆగిపోవడం, మర్నాటికి వంజరం చేపలు కంపు కొట్టడం. విప్పి చూస్తే ఉప్పుగాలికి రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది. దాన్ని కోసేసి కొత్త అతుకు వేశాను. ఇక నీళ్ళు రాకుండా డబ్బాలో ఏం పొయ్యాలన్నదే ప్రశ్న.

శ్రీకాకుళంలో కరెంటు సామాన్ల కొట్టు షావుకారు రెండు సీసాల జెల్ చూపించాడు. రెండూ కలిపి పోస్తే ముద్దలా పేరుకుంటుందట. ఆయన దగ్గరున్న నమూనాలో వేలు పెట్టాను. దిగింది. తీశాను. మూసుకుపోయింది. నాకు నవ్వొచ్చింది.

"ఏటి షావుకారూ, ఇది జున్నులా ఉన్నాది. వానని ఇదేటి ఆపుతాది?"

గట్టిపడిపోకపోవడమే దాని గుణమని ఆయన నెమ్మదిగా చెప్పాడు. నెమ్మదిగా చెప్పాడు కాబట్టి నేను వినలేదు.

ఇంటికొచ్చి చెబితే, మొదటిసారి నేనూ అయ్యా ఒక మాట మీద నిలబడ్డాం. ఫైబర్ పడవకి చీలిక పడితే పూసే రెజిన్ అనే జిగురు ఆయనే తెచ్చాడు. సముద్రాన్నే లోపలికి రానివ్వని మందుకి అత్త పెరట్లో వాన ఒక లెక్కా అన్నాడు. పడవకైతే పల్చగా పూస్తారు. మేము అతుకున్న డబ్బా నిండా పోశాం. తొందరగా బిగుసుకోవాలని, దాన్ని గట్టిపరిచే మందు రెండు మూతలు ఎక్కువే కలిపాం. కాసేపటికి డబ్బా వేడెక్కి, పొగ మొదలైంది. అత్త నీళ్ళ బిందెతో పరుగెత్తుకొచ్చింది. మెయిన్ తీసేసే ఉందని, కరెంటు లేదని చెప్పాను.

"కరెంటు లేకుండానే పొగొస్తే, కరెంటొస్తే ఏటొస్తాదిరా అల్లుడూ?"

చల్లారాక అది రాయి అయిపోయింది. పైన వెంట్రుకంత చీలిక కనబడింది. అదేమిటని అత్త అడిగితే గాలి ఆడడానికన్నాను. (చాలా గట్టిగా అన్నాను.)

మూడోరోజు వాన పడింది. ట్రిప్పర్ కూడా పడింది. నన్నూ, అయ్యనీ ఇద్దర్నీ రమ్మని అత్త కబురు పెట్టింది.

అయ్య ఉలీ, సుత్తీ పట్టుకొచ్చాడు. ఆ రాయిలోంచి ఒక్క తీగ కూడా బయటికి రాలేదు. సగం పూట కొట్టి, చివరికి డబ్బాతో సహా వైరు కోసి పారేశాం. మళ్ళీ పిలుపు వచ్చేసింది కదా, ఇక పడవే అనుకుంటూ నేను ముక్కలు ఏరుతున్నాను. అయ్య పగిలిన ముక్క తీసి చూశాడు. చీలిక పొడవునా తడి. దాన్ని కంచె అవతలికి విసిరేశాడు.

"ఇది నా తప్పు. ఈ పిలుపు లెక్కలోకి రాదు," అన్నాడు. "ఎల్లి ఆ జున్ను అట్టుకురా."

షావుకారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జెల్ తీగకి అంటుకుని ఉంటుందని, ఎండకి వైరు సాగినా దానితోపాటే సాగుతుంది కాబట్టి చీలదని, టెస్టర్ గుచ్చి తీస్తే మళ్ళీ మూసుకుంటుందని, అతుకు విప్పాలంటే చేత్తో తీసెయ్యొచ్చని మళ్ళీ చెప్పాడు. ఈసారి తలాడించాను. మళ్ళీ అతుకు వేసి కొత్త డబ్బాలో పోస్తే పొగా లేదు, వేడీ లేదు, చప్పుడు లేకుండా పేరుకుంది. అయినా అత్త బిందె పక్కనే పెట్టుకుని కూర్చుంది.

తర్వాత నాలుగు రోజులు ముసురు. నేను రోజూ అత్త అరుగు మీద కూర్చుని ఫ్రీజరు రొద వింటూ ఉండేవాణ్ణి. ఆగలేదు.

ఐదోనాటి తెల్లారగట్ల వాన వెలిసింది, పడవలు కదులుతున్నాయి. అయ్య వల భుజాన వేసుకుని నా మంచం దగ్గర ఆగాడు. నేను ఊపిరి బిగబట్టి నిద్ర నటించాను.

"పడుకోనీ. ఆడికి పనుంటాది," అని అమ్మతో చెప్పి వెళ్ళిపోయాడు.

నిజానికి ఆ రోజు నాకు ఏ పనీ లేదు. అయినా లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టెస్టర్ జేబులో పైకి కనబడేలా పెట్టుకుని, ఎక్కడికో తొందరున్నవాడిలా మధ్యాహ్నం దాకా ఊరంతా తిరిగాను. అప్పటి ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవరైనా పిలిచి వాడికి ఒక బల్బు మార్చే పనైనా ఇచ్చి ఉంటే బాగుండుననిపిస్తుంది.