మార్తక్క అందివ్వని మాట

నిన్న హార్సిలీ కొండ ఎక్కుతుంటే వెనక సీట్లో ఒకామె కడుపులో తిప్పుతోందని నిమ్మకాయను గోటితో గీరింది. ఆ పచ్చి వాసన వ్యాను నిండా కమ్ముకుంది. మైకు పట్టుకుని కొండ గురించి చెబుతున్నదాన్ని, మాట ఆపేసి కిటికీలోంచి చెట్ల వంక చూస్తూ ఉండిపోయాను. నాకు నత్తి ఉందని బండి ఎక్కగానే చెప్పేస్తాను కాబట్టి, పాపం, మాట కోసం తడుముకుంటున్నాననుకుని అందరూ ఓపిగ్గా కూర్చున్నారు. నాకు గుర్తొచ్చింది మాత్రం మార్తక్క. ఘాట్ రోడ్డు ఎక్కే ప్రతిసారీ ఆమె చీర కొంగున నిమ్మకాయలు ముడివేసి ఉండేవి. ఎవరి మొహం కాస్త పాలిపోయినా ఒకటి విప్పి వాళ్ళ చేతిలో పెట్టేది.

మార్తక్కను మీరు చూసి ఉండరు. నెల్లూరులో ఒక వ్యాను పెట్టుకుని జనాన్ని ఊళ్ళు చూపించడానికి తిప్పేది. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ముక్కు మీద కోపం. ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసేదాకా బండి కదిలేది కాదు. ముగిశాక మాత్రం ఆమె నిలిచేది కాదు. ఆమెకో పట్టుదల ఉండేది. బండి రాష్ట్రం దాటకూడదు. ఎవరైనా ఫోన్ చేసి ఊటీ, కొడైకెనాల్ అన్నారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. "ఊటీకి బండ్లు బోలెడున్నాయి సార్. గండికోట చూసినారా? బెలుం గుహలు? లేపాక్షి? పోనీ, మన జిల్లాలోదే, ఉదయగిరి కోట ఎక్కినారా? ఎక్కలేదా? ఎక్కి అప్పుడు ఫోన్ చేయండి" అని పెట్టేసేది. డ్రైవరు ఖాజా అన్న నెత్తి కొట్టుకునేవాడు. ఆ తిట్లు తిన్నవాళ్ళలో సగం మంది మళ్ళీ ఫోన్ చేయడం నేను చూశాను. మిగతా సగం ఊటీకే పోయారు. ఆమె లెక్కచేయలేదు.

మాది మైపాడు పక్కన పల్లెపాలెం. నాన్న వేటకు పోయేవాడు, అమ్మ చేపలు అమ్మేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నత్తి. అన్ని అక్షరాలతోనూ కాదు, పెదవులు మూసి పలికేవాటితోనే నాకు యుద్ధం. నా ఖర్మ కాలి, నా పేరు పద్మ, ఊరు మైపాడు. డిగ్రీ చదివే రోజుల్లో నెల్లూరు నుంచి బస్సెక్కితే కండక్టరుకు మైపాడు అని చెప్పలేక దారిలో ఉండే ఇందుకూరుపేటకు టికెట్టు తీసుకునేదాన్ని. అక్కడ దిగి, మైపాడు తప్ప ఇంకెక్కడికీ పోని షేర్ ఆటో వెతుక్కుని నోరు విప్పకుండా ఎక్కేదాన్ని. నేను బాధపడకూడదని ఇంట్లో అమ్మ, బయట స్నేహితురాళ్ళు నా మాట సగంలో అందుకుని పూర్తి చేసేవాళ్ళు. వాళ్ళది ప్రేమే. కానీ అలా ఏళ్ళ తరబడి నా మాటలన్నీ వాళ్ళే మాట్లాడేశారు. నేను అనబోయింది అది కానప్పుడు కూడా తలూపేసేదాన్ని, మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేక.

డిగ్రీ అయ్యాక ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట: మళ్ళీ కబురు చేస్తాం. ఆ కబురు రాదని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. చివరికి, అమ్మ దగ్గర చేపలు కొనే ఒకావిడ చెబితే మార్తక్క దగ్గరికి వెళ్ళాం. ప్రయాణికులకు టిఫిన్లు, నీళ్ళు అందించే పని ఉందని విన్నాం. వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది ఆమె. పేరేమిటని అడిగింది. నా పెదవులు బిగుసుకుపోయాయి. అలవాటు ప్రకారం అమ్మ అందుకుంది.

"పద్మ అమ్మా. పాపకి మాట కొంచెం..."

"నిన్నడిగినానా? నువ్వు చెప్పబాకమ్మా. ఆ పిల్లనే చెప్పనీ."

అమ్మ మొహం చిన్నబోయింది. మార్తక్క మాత్రం నా వైపు చూస్తూ కూర్చుంది. ఆ చూపులో జాలి లేదు, విసుగూ లేదు. పొయ్యి మీద పాలు పొంగడం కోసం చూసే మనిషిలా చూసింది. ఎట్టకేలకు పేరు బయటికొచ్చాక, "ఆ, పద్మ. బాగుంది. టిఫిన్లు ఖాజా ఇస్తాడు. నువ్వు మైకు పట్టుకో" అంది. తమాషా చేస్తోందనుకున్నాను. అమ్మయితే బస్టాండు దాకా తిడుతూనే వచ్చింది, పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేయడానికా ఇదంతా అని.

మొదటి ప్రయాణం నేలపట్టు. చెరువు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు, సంచిలాంటి ముక్కుతో చేపలు పట్టే పెద్ద పక్షులు, గుంపులుగా కాపురం పెట్టే చోటు. చూడడానికి కట్టిన టవరు ఎక్కాక నేను చెప్పబోతే మార్తక్క చెయ్యి పట్టి ఆపింది. "ఇప్పుడే వద్దు. ముందు చూడనీ. అడిగినాక చెప్పు." అదే ఆమె పద్ధతి. ఏ చోటికి తీసుకెళ్ళినా ముందు ఎవరూ ఏమీ చెప్పకూడదు. జనం కళ్ళారా చూసుకోవాలి, వాళ్ళంతట వాళ్ళు అడగాలి, అప్పుడే మనం నోరు విప్పాలి. ఆ రోజు ఎగిరే పక్షుల రెక్కల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కాసేపటికి ఒక చిన్నపిల్ల, వాటికి అంత పెద్ద మూతి ఎందుకని అడిగింది. చేపల గురించి నాకు తెలియనిదేముంది! ఆగి ఆగి చెప్పాను. ఆ పిల్ల నోరు తెరుచుకుని వింది. ఇంటికెళ్ళి అమ్మకు చెబితే నమ్మలేదు.

ఒక్క ప్రయాణంతో నేనేదో మారిపోయాననుకుంటే పొరపాటు. నత్తి ఉన్నవాళ్ళకు ఒక దొంగదారి ఉంటుంది. రాని మాట పక్కన పెట్టి వచ్చే మాట వాడేయడం. గండికోటలో నేను చేసింది అదే. నెల్లూరు నుంచి కుటుంబాలతో వచ్చిన పెద్దవాళ్ళ బండి అది. మోకాళ్ళు సహకరించక మార్తక్క కోటలో మసీదు మెట్ల మీదే కూర్చుండిపోయింది. నేను జనాన్ని లోయ అంచుకు తీసుకెళ్ళాను. ఎర్రటి బండలు నిట్టనిలువునా చీలి, కింద ఎక్కడో పచ్చటి నీళ్ళు. అందరూ అంచు దగ్గర నిలబడి కళ్ళారా చూసుకున్నారు. తర్వాత ఒక పెద్దాయన అడిగాడు, ఇది ఏ నది తల్లీ అని. పెన్న అనాలి. పెదవులు కలిశాయి, విడిపడలేదు. "ఏరండీ" అన్నాను. "ఈ పక్క ఏరు." ఎవరో, తుంగభద్ర అయ్యుంటుంది అన్నారు. మిగతావాళ్ళు అవునవునన్నారు. నేను కాదనలేదు.

తిరుగు ప్రయాణంలో బద్వేలు దాటాక వెనక నుంచి, తుంగభద్ర లోయ ఎంత బాగుందో అని మాటలు వినపడ్డాయి. మార్తక్క మెల్లగా నా వైపు తిరిగింది.

"ఏం చెప్పినావు మే వాళ్ళకి?"

నేను తల దించుకున్నాను. ఆమెకు అర్థమైపోయింది. అంత కోపం ఆమెలో అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. "నెల్లూరోళ్ళని అంత దూరం తీసకపోయి, వాళ్ళ పెన్నని వాళ్ళకే చూపించి, పేరు చెప్పకుండా తెచ్చినావా? ఇంగ ఏం చూపించినట్టు? రాళ్ళు చూసేదానికి గండికోట దాకా పోవాల్నా?" అంది. తర్వాత ఆత్మకూరు దాకా, సంగం దాకా ఒక్క మాట లేదు. నా పని ఊడిందనే అనుకున్నాను. ఏడుపు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కోవూరు దాటి, పెన్న వంతెన ఎక్కే ముందు, ఖాజా అన్నను బండి పక్కకు తీయమంది. సాయంత్రపు వెలుతురు ఇంకా ఉంది. మైకు నా ఒళ్ళో పెట్టి, "చెప్పు" అంది. లేచి నిలబడ్డాను. 'పె' దగ్గరే ఆగిపోయాను. బండిలో అందరూ నన్నే చూస్తున్నారు. ఆ పెద్దాయనకు జాలేసింది కాబోలు.

"పెన్నా తల్లీ? పెన్నేగా ఇది!"

"అయ్యా, మీరు ఆగండి" అంది మార్తక్క. "ఆ మాట ఆమెది. ఆమెనే చెప్పనీండి. ఇంటికి పోయేదానికి ఏం తొందర, ఊరొచ్చేసింది కదా."

ఆయన నొచ్చుకోలేదు, తలూపి కూర్చున్నాడు. నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. వచ్చింది. పెన్న. అది వచ్చాక మిగతాది నేను ఆపినా ఆగలేదు. పొద్దున లోయలో చూసింది ఇదేనని, తుంగభద్ర కాదని, ఆ కొండల్ని చీల్చుకుని, సోమశిల మీదుగా మన దగ్గరికి వచ్చి, మా ఊళ్ళ దాపున సముద్రంలో కలుస్తుందని చెప్పాను. ఒక ముసలావిడ గబగబా బండి దిగి వంతెన వైపు నడిచింది. "ఈ తల్లేనా ఆడ ఉండింది!" అని చెంపలు వేసుకుని దండం పెట్టింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ దిగారు. రోజూ చూసే నీళ్ళను వాళ్ళు ఆ సాయంత్రం చాలాసేపు చూశారు. నేనూ చూశాను. పుట్టిన దగ్గరి నుంచీ ఈ ఏటి నీళ్ళు తాగినదాన్ని, ఆ పేరు పైకి అనడం అదే మొదలు.

తర్వాతెప్పుడో ధైర్యం చేసి అడిగాను, ఇంతమంది ఉండగా నాకే ఎందుకిచ్చావక్కా మైకు అని. "గడగడా మాట్లాడేవాళ్ళని పెట్టి చూసినా మే. జనం నిద్రపోతారు. నువ్వు మాట్లాడితే మేలుకోనుంటారు, తర్వాత ఏమొస్తదోనని" అని పగలబడి నవ్వింది. నాకు కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది. ఆ మాటలో వేళాకోళం ఎంతో, నిజం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఉదయగిరికి మొదటిసారి మార్తక్క లేకుండా వెళ్ళాను. ఆమెకు అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు. కొండ ఎక్కుతున్నంతసేపూ ఒక కుర్రాడు నా పక్కనే నడుస్తూ, నేను ఆగిన ప్రతిచోటా మాట అందిస్తున్నాడు. శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటను ముట్టడించి ఎలా గెలిచాడో నేను చెబుతుంటే బురుజునీ, ముట్టడినీ కూడా అతనే పూర్తి చేశాడు. మంచివాడే. ఇదివరకటి నేనైతే తలూపేసి అతని చేతికే కోట అప్పగించి ఉండేదాన్ని. ఒక బురుజు దగ్గర ఆగాను.

"అన్నా, ఆగండి. నేనే చెప్తా."

"సారీ అక్కా, హెల్ప్ చేద్దామని..."

"హెల్ప్ వద్దన్నా. కొంచెం టైమివ్వండి చాలు."

ఆ రాత్రి ఫోన్లో చెబితే మార్తక్క మెచ్చుకుంటుందనుకున్నాను. "అన్నావా? మంచి పని చేసినావు. అందరికీ మజ్జిగ అందిందా? కొండ దిగినాక ఎవరికన్నా కాళ్ళు పట్టేసినాయా?" అని బండి సంగతుల్లోకి వెళ్ళిపోయింది.

పోయిన వానాకాలం ఆమె పోయింది. ఆమె జ్ఞాపకార్థం చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. ఆమెతో తిరిగినవాళ్ళు ఒకరిద్దరు లేచి మాట్లాడాలన్నారు, నా పేరు కూడా చెప్పారు. పాస్టరు గారు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "నువ్వు రాసివ్వు తల్లీ, నేను చదువుతాను. నీకెందుకు ఇబ్బంది" అన్నారు. మనసున్న మనిషి. నేను వద్దన్నాను. ముందుకు వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను. ఆమె పేరుతో మొదలుపెట్టాలి. 'మా' అనే అక్షరం మీదే పెదవులు బిగుసుకున్నాయి. బిగుసుకుని అలాగే ఉండిపోయాయి. చర్చి నిండా జనం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తలుపు దగ్గర ఖాజా అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. ఎవరైనా అందివ్వవచ్చు. ముందు వరుసలో అమ్మ కూర్చుని ఉంది. చిన్నప్పటి నుంచీ నా మాటలు పూర్తి చేసిన మనిషి. ఆమె పెదవులు కదలబోవడం చూశాను. చీర కొంగు తీసి నోటికి గట్టిగా అదుముకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నోటి మీద కొంగు మాత్రం తీయలేదు.

మార్తక్క, అన్నాను.

ఇప్పుడు ఆ బండి ఖాజా అన్నా నేనూ నడుపుతున్నాం. నత్తి పోలేదు, మైకు పట్టుకోగానే పెదవులు బిగుసుకోవడమూ పోలేదు. బిగుసుకోనీ. చెప్పాల్సింది నేనే చెప్తాను. మీరు ఆగండి.