వాష్‌బేసిన్‌లో ఎర్రటి నీళ్లు

ఈ రోజు పొద్దున మా అత్తమ్మ పళ్లు తోముకుని వెళ్లాక చూస్తే వాష్‌బేసిన్‌లో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. గట్టిగా అడిగితే, చాలా రోజులుగా చిగుళ్లలో రక్తం వస్తోందని ఒప్పుకున్నారు. స్కూల్‌కి సెలవు పెట్టి, నేరేడ్‌మెట్‌లో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆవిడ నోరంతా చూసి, "భయపడకండమ్మా, ఇది చిగుళ్ల జబ్బు. పళ్ల మీద గార పేరుకుని చిగుళ్లు వాచినయ్. షుగర్ ఉందా?" అని అడిగారు.

"ఉన్నది. ఎన్ని గోలీలు ఏసుకున్నా దిగుతలేదు," అన్నారు అత్తమ్మ.

"చిగుళ్లు గిట్ల ఉంటే షుగర్ దిగుడు కష్టం. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు తొందరగా మానవు. రెండూ కలిపి చూసుకోవాలె," అంటూ డాక్టరమ్మ గార తీయడం మొదలుపెట్టారు.

బయటికొచ్చాక అత్తమ్మ కళ్లు తుడుచుకున్నారు. "దేవునికి స్తోత్రం! నాకు క్యాన్సరే అనుకున్న బిడ్డా. చెప్తే మీరంతా పరేషాన్ అయితరని ఊకున్న."

ఆటో ఎక్కాక కొంగు సర్దుకుంటూ మెల్లిగా అన్నారు: "పోయిన వారం నీకిచ్చిన నా బంగారు గాజులు జెర వాపసియ్యి. ఇంకొన్నేండ్లు నేనే ఏసుకుంటా."

ఇంటికి రాగానే నేనే ఆమె చేతులకు తొడిగాను. బంగారం చేజారినందుకు ఇంత సంతోషపడ్డ కోడలు ఇంకెవరైనా ఉన్నారా, చెప్పండి!