ప్రభువు ఆజ్ఞ

వల్లెట్టా నగరపు ఆసుపత్రిలో ఎమెరిక్‌కి రోజూ మోకాళ్ల మీదే తెల్లవారుతుంది. శిలువ యోధుల సంఘంలో చేరేవాడు ముందు రోగులను ప్రభువులుగా కొలవాలి. కత్తి పట్టాలని కలగన్న చేతులు రోగులకు చారు పట్టే వెండి గిన్నె మోసి మోసి అలిసిపోయాయి. రెప్పల మీద నిద్ర తడి ఇసుకలా పేరుకుంది. విధేయుడిగా ఉంటానని రేపు ప్రమాణం చేయాలి. కన్నతండ్రి మాటే ఏనాడూ వినని తను ఆ మాట నిజంగా ఎలా అనగలడో అతనికి అంతుపట్టడం లేదు.

రాళ్లు కొట్టి బతికే ముసలి రోగి జారెన్ తాగిన కోడిచారంతా ఎమెరిక్ ఒడిలోనే కక్కాడు.

"ప్రభువుకి నీ వంట నచ్చలేదు దొరబిడ్డా! పారిపోతావా?" అంటూ దగ్గుతూ నవ్వాడు.

"పారిపోడానికి ఓపికేది ప్రభూ?" అన్నాడు ఎమెరిక్, ఒళ్లు తుడుచుకుంటూ.

ముసలాయన నవ్వు ఆపి, మంచం మీద కాస్త పక్కకు జరిగాడు. "అయితే కాసేపిలా కూర్చో. ఇది ప్రభువు ఆజ్ఞ."

ఎమెరిక్ గిన్నె పక్కన పెట్టి, చెప్పినట్టే కూర్చున్నాడు. ఒకరి మాట వినడంలో ఇంత హాయి ఉంటుందని అతనికి ఇంతవరకు తెలియదు.