సాలు అన్న మాట

మెకానిక్ అనేవాడు భయపడకూడదంటారు. అలా అనేవాళ్లెవరూ నేను టర్బో బిగించిన కారులో కూర్చోలేదు.

రెండువేల మూడో నాలుగో అనుకుంటాను. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన తన పెట్రోలు కారును అనంతపురంలోని నా షెడ్డుకు తెచ్చి, స్పీడు పెంచమన్నాడు. పాత బండ్ల కార్బురేటర్లు తప్ప నాకేమీ రాదని ఊరంతా అనుకునే రోజులవి. రోషానికి పోయి ఒప్పుకున్నాను. ఇంజనులోకి గాలి ఎక్కువ తోసే టర్బో, పెట్రోలు ఎక్కువ పోసే పెద్ద ఇంజెక్టర్లు బిగించాను. ఇక ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో ఇంజను కంప్యూటరుకు కొత్తగా నేర్పాలి. ఆ విద్య నాకు రాదు. ల్యాప్‌టాప్ పట్టుకుని మైసూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు, నా కన్నడం అంతంతమాత్రం.

తాడిపత్రి రోడ్డు మీద నేను నడుపుతుంటే, ఆయన పక్కన కూర్చుని అంకెలు మార్చేవాడు. తెర మీద అంకెలు వరసలు వరసలుగా ఉండేవి. మొదట పెట్రోలు ఎక్కువ పోయించి, ప్రతి పరుగుకూ రవ్వంత తగ్గించాలి. తగ్గేకొద్దీ బండి బాగా లాగుతుంది. మరీ తగ్గితే వేడికి పిస్టన్ కరుగుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పాల్సింది నేను.

నాలుగో పరుగుకే నా వీపు సీటుకు అతుక్కుపోయింది. బండి పక్కన ఆపాక, "ఇన్నూ కమ్మి మాడ్లా?" అన్నాడాయన, ఇంకా తగ్గించేదా అని.

"సాలు! సాలు!" అని అరిచాను.

చాలు అనడానికి కన్నడంలో సాకు అనాలి. నాకూ తెలుసు. భయమేస్తే నోటికి ఇంటి మాటే వస్తుంది. వాళ్లకు సాలు అంటే వరస. మన శనక్కాయ చేన్లో సాలన్నా వరసే కదా! వరస మొత్తం తగ్గించమన్నాననుకుని, ఆయన తలూపి తగ్గించేశాడు.

నేనేమో ఆపేశాడనుకుని, చివరిగా ఒకసారి చూద్దామని మూడో గేరులో పూర్తిగా తొక్కాను. పెనంలో శనక్కాయలు వేయించినట్టు ఇంజనులో టపటపా చప్పుడు. కాలు తీసి, బండిని రోడ్డు పక్కకు లాగాను.

"నీవే హేళిద్రల్లా, సాలు అంత!" అన్నాడాయన బిక్కమొహంతో. సాలు అని చెప్పింది మీరే కదా అని.

షెడ్డుకొచ్చి ప్లగ్గులు విప్పాను. మూడోదాని పింగాణీ మీద వెండిచుక్కలు రెండు, ఆవగింజలో సగమంతవి. పిస్టన్ కరగడం మొదలైందన్నమాట. గోటితో గీకితే పోయాయి. ఆయన పాత అంకెలు పెట్టేస్తే ఇంజను మెత్తగానే తిరిగింది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే కంప్యూటరు పని మళ్లీ నా గడప తొక్కదు. కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, సాయంత్రం కారు ఆసామి తన ఇద్దరాడపిల్లలతో వచ్చాడు. వాళ్లు పరుగున వచ్చి వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు. ఆ ఇంజనుతోనే వాళ్లు తాడిపత్రి దాకా పోవాలి.

"ఏమప్పా, అయిపాయనా?"

"బండి ఇయ్యలేనన్నా. ఇంజను ఇప్పి చూడాల. పిస్టన్ కాలిండాది. నేనే చెడగొట్టినా."

కొడతాడనే అనుకున్నాను. ఆయన వెనక తలుపు తీసి, "దిగండమ్మా" అన్నాడు. పిల్లలు దిగి ఆయన చేతులు పట్టుకున్నాకే నేను బానెట్ ఎత్తాను.