సెగ్గడ్డ అనుకున్నాం

అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. "సెగ్గడ్డ కాకపోతే ఇంకేమనుకోవాలే?" అంటుంది. సరే, అనుకుంది. నాకెందుకు చెప్పలేదు?

నాన్నకి గుండెలో స్టెంట్ వేశారు. గజ్జల్లోని రక్తనాళంలోంచి క్యాథెటర్ అనే సన్నటి గొట్టం పంపారు. మూడో రోజుకి సరోజినీ నగర్ క్వార్టర్‌కి వచ్చేశాం. నేను గుడ్‌గావ్ ఆఫీసు నుంచి గంటకోసారి మెసేజ్ పెట్టేదాన్ని, ఛాతీ నొప్పి ఉందా అని. ఆయన బొటనవేలు బొమ్మ పంపేవారు.

ఆయన రోజూ ఎన్ని అడుగులు వేస్తున్నారో నా ఫోన్‌లో కనిపిస్తుంది. వెయ్యి దాటిన లెక్క వారానికల్లా రెండొందలకి పడిపోయింది. ఇంటికెళ్ళగానే బద్ధకమని తిట్టాను. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు. అప్పుడు వంటింట్లో అమ్మ బయటపెట్టింది. క్యాథెటర్ పెట్టిన చోట గడ్డ లేచిందట. వేడి చేసిందని నాలుగు రోజులుగా మజ్జిగ తాగించి, పసుపు పట్టు వేస్తోందట.

"నీతో చెప్పొద్దన్నారు. ఆడపిల్లతో ఆ చోటు గురించి ఏం మాట్లాడతారే?"

డాక్టర్ నంబరు కోసం ఫోన్‌లో డిశ్చార్జ్ పేపర్ ఫొటో తెరిచాను. వాపు వస్తే వెంటనే రావాలని అందులోనే ఉంది. ఫొటో తీసింది నేనే. చదవలేదు.

ఫోన్ అమ్మకిచ్చి, గడ్డని ఫొటో తీసి ఆ నంబరుకి పంపమని చెప్పి బయట నిలబడ్డాను. డాక్టర్ వెంటనే కాల్ చేశారు. "గడ్డని గుచ్చలేదు కదా? నొక్కకండి. ఇప్పుడే తీసుకురండి."

డాప్లర్ స్కాన్‌లో తేలింది. రక్తనాళానికి పడిన రంధ్రం మూసుకోలేదు. కారిన రక్తం పక్కనే సంచిలా నిలిచింది. సూడోఎన్యూరిజం అన్నారు. పైన చర్మం పలచబడింది, ఎప్పుడైనా పగలొచ్చు, ఆపరేషన్ తప్పదన్నారు రక్తనాళాల సర్జన్. స్టెంట్ కోసం ఇచ్చే, రక్తం గడ్డకట్టనివ్వని మందులు ఆపలేం కాబట్టి రక్తం ఎక్కువ పోవచ్చని కూడా చెప్పారు. ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టాను.

స్ట్రెచర్ మీంచి నాన్న అన్నారు: "అమ్మలూ, అమ్మని ఏమనకు. నేనే వద్దన్నాను."

రెండు గంటల తర్వాత రంధ్రం కుట్టేశామని చెప్పారు. కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. తర్వాత కుట్ల దగ్గర నీరు కారి ఇంకో వారం ఆస్పత్రిలోనే ఉంచారు. అదీ తగ్గింది.

ఇప్పుడు నాన్న మార్కెట్ దాకా నడిచి, కూరగాయల భయ్యాతో బేరమాడి వస్తున్నారు. పొద్దున్నే ఆయనే మెసేజ్ పెడతారు: "ఛాతీ ఠీక్ హై. ఆ చోటూ ఠీక్ హై." ఆ చోటు పేరు మాత్రం ఇప్పటికీ రాయరు.

నేను చెప్పేది ఒక్కటే. క్యాథెటర్ పెట్టిన చోటుని ఇంట్లో ఎవరో ఒకరు రోజూ చూడాలి. వాపు కనిపిస్తే పట్లు వేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. అమ్మని ఇన్ని మాటలన్నాను గానీ, ఆ చోటు ఎలా ఉందని నేనూ ఒక్కసారి అడగలేదు. నాకూ సిగ్గే. మీ నాన్న అయితే మీకు చెప్పేవారంటారా?