గుంట అడిగిన పాపానికి

తెల్లాపూర్‌లో నేను వంట చేసే ఇంటి సారే, శంకర్‌పల్లి దాటాక మా నాన్న కౌలు చేసే పొలానికి యజమాని. కంప్యూటర్ ఉద్యోగం. పొలాన్ని ఎప్పుడూ గుంటల్లో, గజాల్లోనే తలుచుకుంటాడు. అక్కడ పండేది టమాటా అని ఆయనకు తెలుసో లేదో గానీ, గజం రేటు మాత్రం టిఫిన్ తింటూ రోజూ చెబుతాడు.

ఆ ఏడు, పొలంలో వాననీళ్లు ఆగేందుకు గుంట తవ్వుకుంటే సర్కారు ఖర్చు ఇస్తుందన్నారు. బోరు ఎత్తిపోయి, కాయ పట్టే వేళకే మా తోట ఎండిపోతోంది. ఈసారీ ఎండితే కౌలు వదిలి ఖాజాగూడలో ఏదో గేటు దగ్గర సెక్యూరిటీకి నిలబడతానన్నాడు నాన్న. ఎవరు పిలిచినా రెండో పిలుపుకు గానీ పలకని మనిషి, వచ్చే కారుకీ పోయే కారుకీ సలాం ఎలా కొడతాడు?

తవ్వాలంటే పట్టా ఉన్నవాళ్ల సంతకం కావాలి. దోసె వేస్తూ మేడంతో మెల్లగా కదిపాను.

"మేడం, మా నాయినకు మీ పొలంల ఒక గుంట కావాల్నట. సార్ సంతకం పెడితే సాలు."

మేడం చేతిలో కప్పు గాల్లోనే ఆగింది. "ఏమండీ, ఒకసారి ఇటు రండి."

సారు వచ్చి, గుంట అంటే నూట ఇరవై ఒక్క గజాలని నాకే పాఠం చెప్పాడు. నమ్మి పొలం అప్పగిస్తే మనుషులు ఎలా మారిపోతారో కూడా చెప్పాడు. ఇద్దరూ నన్ను కబ్జాకు వచ్చినదానిలా చూస్తుంటే పెనం మీద దోసె మాడిపోయింది.

"గా గుంట కాదు సార్. నీళ్ల గుంట. తవ్వేది."

గొయ్యి అని తెలిశాక, గొయ్యి పడితే రేటు పడిపోతుందేమోనని ఇంకో బెంగ. సర్కారు డబ్బు పట్టాదారు ఖాతాలోనే పడుతుందన్నాను. పెన్ను ఆయనే వెతుక్కున్నాడు.

గుంట తవ్వారు, వానకు నిండింది. అప్పుడు పుట్టింది సారుకు నీటి మీద ప్రేమ. గట్టు మీద సిమెంటు బెంచీలు వేయించి, ఫొటోలు తీసి, దానికి లేక్ వ్యూ అని పేరు పెట్టాడు. భూగర్భ జలాలను కాపాడుతున్నాడని ఆఫీసులో చప్పట్లు కూడా కొట్టారట.

తర్వాత వానలు మొహం చాటేశాయి. తోట పూత మీదుంది. ఆదివారం ఆఫీసువాళ్లు వస్తున్నారు, అప్పటిదాకా గుంటలోంచి నీళ్లు తోడే మోటారు వేయొద్దని సారు నాతోనే కబురు పంపాడు. చేనుకు పెట్టకుండా నీళ్లను కాపాడే సేద్యం ఆయన ఒక్కడికే తెలుసు.

ఫోన్‌లో నాన్నకు చెప్పాను. "ఇన్నవా నాయినా?"

"ఇన్న బిడ్డా," అన్నాడు. వెనక మోటారు చప్పుడు.

ఆదివారం వంటకని నన్నూ కారులో తీసుకెళ్లారు. గుంటలో బురద. బెంచీలు దాన్నే చూస్తున్నాయి. నీళ్లేవయ్యా అని సారు అడిగితే, నాన్న తడిసిన సాళ్ల వైపు చేయి చాపాడు.

"గదిగో సార్. చెట్లకు వోయినయ్."

సారు మొహం చూడాల్సింది. ఇంతలో ఆఫీసావిడ ఒకామె టమాటా చెట్ల ముందు ఫొటో దిగింది. ఇక అందరూ అక్కడే. సారూ వెళ్లి నడుమ నిలబడ్డాడు.

ఆ కాపు నిలిచింది, నాన్నకు గేటు కాపలా తప్పింది. ఆ ఫొటో మేడం ఫోన్‌లో చూశాను. నాన్నను కాస్త జరగమని అన్నట్టున్నారు, ఆయనది చాపిన చేయి ఒక్కటే పడింది.