ఇజాజత్ అడగని పురుషోత్తం

ఊళ్లో ఏ ఇంటి తలుపూ కొట్టకుండా లోపలికి నడిచి వెళ్లే మనిషి అంత ఒంటరిగా ఎలా మిగిలాడు? ఈ వయసులో కూడా నాకు జవాబు దొరకని ప్రశ్న ఇది.

పురుషోత్తం ఎవరినీ, దేనికీ అనుమతి అడిగేవాడు కాదు. పాతబస్తీ మాటలో చెప్పాలంటే ఇజాజత్. ఆ మాట చెవిన పడితేనే ఆయనకు ఒళ్లు మండేది. పురానాపూల్ దగ్గర వాళ్ల ఇంట్లో ముందు వాటాలో మేం అద్దెకుండేవాళ్లం, మేడమీద గదిలో ఆయన. మేం దిగిన రోజే నేరుగా వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి, "అక్కా, పప్పుల పులుపు జర తక్కువైంది" అన్నాడు. నా భార్య హైమవతి దొంగనుకుని గరిటె ఎత్తింది. తర్వాత్తర్వాత ఆయన వచ్చే వేళకి పప్పులో చింతపండు ఎక్కువ వేయడం నేర్చుకుంది.

నేను నయాపూల్ దగ్గర కోర్టులో నకళ్ల గుమాస్తాను. ఒకసారి మా ఇంటికి తాళం ఉందని, వాదన నడుస్తున్న హాల్లోకి వచ్చి అందరి ముందూ, "వెంకట్రావన్నా, మీ ఇంటి తాళంచెవి ఇయ్యి" అన్నాడు. జడ్జిగారు నన్ను బయటికి పంపారు. ఆయన్ని కాదు.

అన్నదమ్ములంతా ఉస్మాన్‌గంజ్‌లో పసుపు, మిరపకాయల వ్యాపారంలో ఉంటే ఈయనొక్కడే ఫిజిక్సు చదివి ఒక పరిశోధనశాలలో చేరాడు. వాళ్లు ఈయన దగ్గరికి రారు, ఈయన చేసేదేమిటో వాళ్లకి తెలియదు. పెళ్లి చేసుకోలేదు. "పిల్లనియ్యమని అడగాలె గదన్నా" అనేవాడు, అదే కారణమన్నట్టు. మేడమీద ఆయన గది తలుపు పగలూ రాత్రీ తెరిచే ఉండేది. లోపలికి వెళ్లేవాళ్లే ఉండేవారు కాదు.

ఆయన పరిశోధన నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆ భాషలోనే. "మామూలు తీగల కరెంటు అడుగడుగున ఇజాజత్ అడుక్కుంట పోతదన్నా. గందుకే తీగ వేడైతది. మస్తు సల్లగ జేసినమనుకో, అడుగుడే బంద్. నడుమ సన్నటి గోడ వెట్టు, గోడల కెళ్లి అవతలికి పోతది." అలాంటి గోడలున్న చిన్న చిన్న సర్క్యూట్లు తయారుచేసి, అంతరిక్షంకన్నా చల్లగా ఉండే యంత్రంలో పెట్టి, కరెంటు గోడ దాటే తీరు చూడడం ఆయన ఉద్యోగం.

రాజకీయం కూడా అందులోంచే పుట్టేది. "అమెరికాను ఢిల్లీ అడగాలె. ఢిల్లీని హైదరాబాదు అడగాలె. హైదరాబాదుల కూసున్న మీ కోస్తావోళ్లను మేం అడగాలె. మా తెలంగాణ ఎవలతోని అడిగిపిచ్చుకోవాలె?" అనేవాడు, మా ఇంట్లో గోంగూర అన్నం కలుపుకుంటూ. "ఆవకాయ ఇంకొంచెం వెయ్యనా తమ్ముడూ?" అని హైమవతి అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. జాడీ తనే తీసుకునేవాడు.

ఓ సాయంత్రం ఫ్లాస్కులో పొగలు కక్కే చల్లటి ద్రవం తెచ్చి, నల్లటి బిళ్ల మీద పోసి, దానిమీద చిన్న అయస్కాంతం పెట్టాడు. అది గాల్లో తేలింది. "ఎవల్నడిగి లేసింది?" అని గల్లీ అంతటినీ నిలదీశాడు. ఎదురింటి చంద్రమ్మ చెప్పులు విడిచి దండం పెట్టింది. మర్నాడు పొద్దున కొబ్బరికాయతో వచ్చింది.

తొంభై ఎనిమిది వేసవిలో దేశం అణు పరీక్షలు చేసింది. అమెరికా ఆంక్షలు పెట్టింది. అంతకుముందే పురుషోత్తం తన చల్లటి యంత్రం తాలూకు పంపుని బాగుచేయించడానికి ఆ దేశం పంపాడు. అది అక్కడే చిక్కుకుపోయింది. విడిపించాలంటే, దయతో అనుమతించగలరు అని దరఖాస్తు పెట్టి, ఆయనే స్వయంగా వెళ్లి అడగాలి.

"సామాను మాది. మా సామాను మాకియ్యమని మేమే ఇజాజత్ అడగాల్నట" అని ఆయన దరఖాస్తు ముట్టుకోలేదు. డైరెక్టరు బతిమాలాడు, బెదిరించాడు. ఏడాది తిరిగినా లాభం లేదు. యంత్రం మూలన పడింది. దానికి గొడుగు తగిలించుకునేవాడు.

ఆ యంత్రం మీదే ఆధారపడ్డ విద్యార్థిని ఒకామె ఉండేది. మైథిలి, భీమవరం అమ్మాయి. కోస్తా పిల్ల కాబట్టి, "ఏం సూపర్ పవరమ్మా, తిన్నవా?" అని పలకరించేవాడు ఆమెని. ఊరు గాని ఊళ్లో హాస్టలు గదిలో ఒక్కతే ఉండేది. ఆదివారాలు హైమవతి దగ్గరికి వచ్చేది. ఒక ఆదివారం చాలాసేపు చిక్కుడుకాయలు ఒలిచి, తలెత్తకుండానే చెప్పింది.

"వచ్చే దసరాకి నా గడువు అయిపోతుందండీ. కొలతలు లేకుండా డాక్టరేటు ఇవ్వరు. సామాను సర్దుకుంటున్నాను. సార్‌ని ఇంక అడగలేను."

వంటింట్లో పురుషోత్తం ఉన్నాడు, చేతిలో గిన్నె మూతతో. ఆ రోజు రుచి చూడలేదు. మూత చప్పుడు కాకుండా పెట్టేసి మేడెక్కాడు.

మర్నాడు సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు.

"ఎవరో పరాయివాళ్లండీ" అంది హైమవతి. తీస్తే పురుషోత్తం. లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు కోర్టుల అర్జీలు రాసినోనివి. ఇజాజత్ ఎట్లడుగుతరో జర నేర్పు. నాకు రాదు."

హాస్యమాడుతున్నాడేమోనని మొహం చూశాను. కాదు.

పాఠం మా ముందుగదిలోనే జరిగింది. కుర్చీ వేసి హైమవతిని అమెరికాగా కూర్చోబెట్టాం. చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఎవరు మీరు?" అంది అమెరికా.

"అరె, దినాం నీ వంట తింట గదక్కా."

"నేను అక్కను కాదు, అమెరికాని. ఏం కావాలి?"

"మా పంపు."

"ఇవ్వం. బాంబులు చేస్తారు."

"గా పంపు గాలి గుంజుతది. దాంతోని బాంబెట్ల జేస్తరు?"

వాదించకూడదని, దయచేసి అనాలని నేను అందించాను. 'దయ' దాకా వచ్చేవాడు, తర్వాత దగ్గు పట్టుకునేది. మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేవాడు. మళ్లీ దగ్గు. చివరికి కూలబడి, "గిట్ల అడిగేటోళ్లకు ఎట్లుంటదన్నా లోపట?" అన్నాడు.

"మైథిలి మిమ్మల్ని ఏడాదిగా అడుగుతూనే ఉంది కదా" అన్నాను.

నీళ్ల గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత లేచి హైమవతి ముందు నిలబడి చేతులు జోడించాడు.

"దయచేసి ఇయ్యిండ్రి. ఆ పిల్ల సదువు ఆగమైతది."

అమెరికా గరిటె కింద పెట్టి, కొంగుతో కళ్లొత్తుకుని, "తీసుకెళ్లు తమ్ముడూ" అంది.

అసలు అమెరికా అంత త్వరగా కరగలేదు. మద్రాసులోని వాళ్ల కాన్సులేటులో అధికారి ఒకాయన ముందు హాజరవడానికి పురుషోత్తం ఇస్త్రీ చొక్కా వేసుకుని రైలెక్కేవాడు. "సూస్తమన్నరు. మల్ల రమ్మన్నరు" అంటూ తిరిగి వచ్చేవాడు. మళ్లీ వెళ్లేవాడు. మాకు పెట్టిన షరతు ఒక్కటే, ఆ పిల్లకు తెలియకూడదు. ఊరికెళ్తున్నానని ఆమెతో చెప్పేవాడు. ఆయనకు ఊరేదీ లేదని ఆమెకి తెలియదు.

వానలు తగ్గేవేళకి పంపు వచ్చింది. గడువు ఇంకా మిగిలే ఉంది. "అమెరికా భయపడ్డదమ్మా" అన్నాడట మైథిలితో.

కొలతలు పూర్తయిన రోజు మైథిలి పూతరేకులు పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. పురుషోత్తం అప్పటికే మా కుర్చీలో ఉన్నాడు. ఆమె ఆయన ఎదుటే చాప మీద కూర్చుని, పొట్లం తాడు విప్పుతూ, కరెంటు గోడ దాటిన వైనమంతా మొదలుపెట్టింది.

"సార్ చెప్పిందే నిజమండీ. ఎవరినీ అడగక్కర్లేదు. ఒక్క మాట అడగకుండానే వాళ్లంతట వాళ్లే పంపారు. నేను కూడా ఇంక ఎక్కడా ఎవరినీ అడగ..."

హైమవతి నవ్వాపుకోవడానికి వంటింట్లోకి పారిపోయింది. నేను చేతిలో ఉన్న పేపరులో తలదాచుకున్నాను.

పాతబస్తీలో ఎవరింటికి వచ్చినవాళ్లైనా లేచేటప్పుడు 'ఇజాజత్' అంటారు, వెళ్లడానికి సెలవిమ్మని. ఆ మాట వినబడలేదు గానీ, నేను తలెత్తేసరికి పురుషోత్తం కుర్చీ ఖాళీగా ఉంది, వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మైథిలి తాడు ముడితో కుస్తీ పడుతూ, తల వంచుకునే, ఇంకా ఆయనకే చెబుతోంది.